పదిహేనో తారీఖు భయం: ఇంటి బడ్జెట్ నిలబెట్టడానికి పోస్టాఫీసు ఆర్డీ ఎంతవరకు పనికొస్తుంది

ఇంటి బడ్జెట్ రాయడం ఎవరికీ రాని విద్య కాదు. జీతం పడిన రాత్రి పిల్లల పాత నోట్సులో మిగిలిన పేజీలకి స్కేలు పెట్టి గీతలు కొడతారు. బియ్యం, పాలు, కరెంటు, ఫీజు అని గళ్లు వేస్తారు. పదో తారీఖు దాకా గళ్లన్నీ శ్రద్ధగా నిండుతాయి. ఇరవయ్యో తారీఖుకి ఆ నోట్సు ఫ్రిజ్ మీదకి చేరి, కరెంటు బిల్లులు ఎగిరిపోకుండా బరువుగా పనికొస్తుంది.

లెక్క రాక ఇలా జరగడం లేదు. తప్పినా అడిగేవాళ్లు లేరు, అందుకే తప్పుతోంది. మనం రాసుకున్న గీతని మనమే దాటితే దానికి జరిమానా లేదు, సిగ్గు లేదు. ఆ అడిగే మనిషిని, ఆ గడువుని ఇంట్లోకి తెచ్చే సాధనంగా పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌ని, అంటే నెలనెలా ఒకే మొత్తం కట్టే ఆర్డీని చూడాలి. వట్టి వడ్డీ పథకంగా అయితే దీనికి పదికి ఆరు మార్కులు. బడ్జెట్‌ని పట్టి ఉంచే పనిముట్టుగా ఎనిమిది. విజయనగరం, శ్రీకాకుళం లాంటి ఊళ్లలో, సగం ఆదాయం చేతికి నగదుగా వచ్చే ఇళ్లకి దీనంత చవకైన కాపలా ఇంకొకటి దొరకదు.

ముందు లెక్క. నెలకి కనీసం 100 రూపాయలు, ఆపైన పదేసి రూపాయలు పెంచుకుంటూ ఎంతైనా. గడువు ఐదేళ్లు, అంటే 60 వాయిదాలు. వడ్డీ 2023 అక్టోబరు నుంచి 6.7 శాతం, మూడు నెలలకోసారి చక్రవడ్డీ. నెలకి 1,000 కడితే ఐదేళ్లలో మనం కట్టేది 60,000, చేతికొచ్చేది 71,366. నెలకి 500 అయితే 35,683. రేటుని ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది గానీ, ఖాతా తెరిచిన రోజున్న రేటే ఐదేళ్లూ నడుస్తుంది. ఇంతకంటే ఎక్కువ ఇచ్చే పథకాలు ఉన్నాయి. వాటిలో చాలావాటికి నెలనెలా మన గుమ్మం తొక్కే అలవాటు లేదు.

అసలు విషయం తారీఖులో ఉంది. ఖాతాని నెల మొదటి పదిహేను రోజుల్లో తెరిస్తే ప్రతి నెలా 15లోగా కట్టాలి. 16 తర్వాత తెరిస్తే నెల చివరి పనిదినం దాకా గడువుంటుంది. రెండోది సుఖంగా కనిపిస్తుంది, చాలామంది దానికే మొగ్గుతారు. ఒకటో తారీఖు జీతం వచ్చే ఇంటికి అంతకంటే చెడ్డ ఎంపిక లేదు. నెలాఖరుకి మిగిలింది కడదామనుకుంటే మిగలదు. 15 గడువు ఉన్న ఖాతాలో డబ్బు ముందే వెళ్లిపోతుంది, మిగిలినదాంతో ఇల్లు సర్దుకుంటుంది. బడ్జెట్ అంటే ఆ సర్దుబాటే. ఉద్యోగస్తులు ఒకటి నుంచి పదిలోపు ఖాతా తెరవాలి. నెలాఖరులో కూలి లెక్క తేలే ఇళ్లకి మాత్రమే 16 తర్వాతి ఖాతా.

గడువు దాటితే వందకి రూపాయి జరిమానా. నెలకి వెయ్యి కట్టే ఖాతాకి తప్పిన ప్రతి నెలకీ పది రూపాయలు. పది రూపాయలకి భయపడేవాళ్లు ఎవరని అడగొచ్చు. భయపెట్టేది ఆ పది కాదు, పాస్‌బుక్కులో పడే ఆ గీత. నాలుగు వాయిదాలు తప్పితే ఖాతా ఆగిపోతుంది. ఆ తర్వాత రెండు నెలల్లోపు పాత బాకీలు, జరిమానా కట్టి బతికించుకోకపోతే ఇక అందులో ఒక్క రూపాయీ వేయనివ్వరు. నాలుగు లోపే తప్పితే, తప్పినన్ని నెలలు గడువుని పొడిగించుకునే వీలుంది. ఈ వెసులుబాటు ఉందన్న సంగతి తెలియక రెండు నెలలు తప్పగానే ‘ఇక పోయిందిలే’ అని వదిలేసేవాళ్లు ఎక్కువ. ఆర్డీలు చచ్చేది సాధారణంగా మూడో నెల నిర్లక్ష్యంతో.

ఇప్పుడు ఏజెంటు గురించి. మహిళా ప్రధాన్ క్షేత్రీయ బచత్ యోజన అని పెద్ద పేరున్న పథకం కింద లైసెన్సు తీసుకున్న ఆడవాళ్లు వీధివీధికీ తిరిగి ఆర్డీ డబ్బులు వసూలు చేస్తారు. వాళ్ల కమీషన్ ప్రభుత్వమే ఇస్తుంది, మనం పైసా ఇవ్వక్కర్లేదు. ఎనిమిదో తారీఖు పదకొండు గంటల వేళ, కుక్కర్ దింపి పోపు వేస్తుండగా గేటు చప్పుడవుతుంది. చంకలో రెగ్జిన్ సంచి, సంచిలో రబ్బరు బ్యాండు వేసిన కార్డుల కట్ట. “ఏటమ్మా, ఈ నెల కట్టీస్తారా, పైవారం రమ్మంటారా?” ఆ ప్రశ్నలో కోపం లేదు, ఒత్తిడి లేదు. కానీ పక్కింటావిడ కార్డు అదే కట్టలో ఉందని, ఆవిడ ఇందాకే కట్టేసిందని మనకి తెలుసు. పప్పులడబ్బా వెనక దాచిన రెండు అయిదువందల నోట్లు బయటికి వస్తాయి. ఏ మొబైల్ యాప్ నోటిఫికేషనూ ఇంత పని చేయలేదు, వేలితో పక్కకి తోసేస్తే అది పోతుంది. గేటు దగ్గర నిలబడిన మనిషిని పక్కకి తోయలేం.

ఇక్కడే జాగ్రత్త కూడా పడాలి. ఏజెంటు డబ్బు తీసుకున్న వెంటనే కార్డు మీద (దీన్ని అస్లాస్ కార్డు అంటారు) తారీఖు, మొత్తం రాసి సంతకం పెట్టాలి. ‘ఊరుకోండమ్మా, సాయంత్రం రాస్తాను’ అంటే నోట్లు తిరిగి లోపల పెట్టేయండి. కార్డు మీద రాత ఏజెంటుకి ఇచ్చినట్టు, పాస్‌బుక్కులో ఎంట్రీ ప్రభుత్వానికి చేరినట్టు. ఈ రెంటి మధ్య తేడా వస్తేనే మోసాలు. పాస్‌బుక్కుని ఏళ్ల తరబడి ఏజెంటు సంచిలోనే ఉంచేయడం చాలా ఇళ్లలో ఉన్న జబ్బు. మూడు నెలలకోసారి తెప్పించుకుని వరసలన్నీ సరిచూసుకోవాలి, లేదా కౌంటరుకి వెళ్లి బాలెన్సు అడగాలి.

ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంక్ యాప్‌లోంచి కూడా వాయిదా కట్టొచ్చు. నెలజీతం వచ్చేవాళ్లకి అది చాలు. కొట్టు, ఆటో, కుట్టుమిషను, టిఫిన్ బండి లాంటి రోజువారీ నగదు ఇళ్లకి మాత్రం ఏజెంటే మేలు. నగదు ఇంట్లో ఉన్నంతసేపూ దానికి కాళ్లుంటాయి.

ఎంత కట్టాలి అన్నచోట ఎక్కువమంది బోల్తా పడతారు. కొత్త సంవత్సరం ఊపులో, లేదా ఎవరో సొంతిల్లు కట్టుకున్నారని విన్న రోజున నెలకి మూడువేలు రాయించేస్తారు. ఒకసారి రాయించిన వాయిదా మధ్యలో తగ్గించడం కుదరదు. కాబట్టి ముందు చిన్నదానితో మొదలు. ఉదాహరణకి విజయనగరంలో అద్దెకుండే నలుగురి ఇల్లు, నెలకి 28,000 ఆదాయం అనుకుందాం. అద్దె 6,500, కిరాణా 5,000, పాలు 2,000, కరెంటు గ్యాసు ఫోన్లు కలిపి 2,800, బడి ట్యూషను 3,000, బండి పెట్రోలు 1,800, కూరలూ చేపలూ కోడీ 3,200, మందులు 700. మొత్తం 25,000. కాగితం మీద 3,000 మిగిలింది. ఆ మూడువేలనీ ఆర్డీకి రాయించకూడదు. పెళ్లి చదివింపు, టైరు పంక్చరు, మామ్మగారి కంటి పరీక్ష, ఇవేవీ ఆ పట్టికలో లేవు. మిగులులో సగం, అంటే 1,500, అదీ ఒక్క ఖాతాగా కాకుండా 1,000కి ఒకటి, 500కి ఒకటి. ఒక వ్యక్తి ఎన్ని ఆర్డీలైనా పెట్టుకోవచ్చు. గడ్డు నెల వస్తే చిన్నదాన్ని ఒక నెల తప్పించొచ్చు, పెద్దది బతికి ఉంటుంది. ఆరు నెలలు రెండూ తప్పకుండా నడిచాక కావాలంటే ఇంకో 500 పెంచుకోండి.

పై పట్టికలో కూరల 3,200ని చూడండి, తప్పు అక్కడ దాక్కుని ఉంది. వారానికి 800 అని నాలుగు వారాలకి లెక్కేశాం. ఏడాదిలో కనీసం నాలుగు నెలలకి ఐదు ఆదివారాలు వస్తాయి. విజయనగరమైనా శ్రీకాకుళమైనా ఆదివారం మాంసం లేకపోతే ఇంట్లో మాటలు పడాలి. ఐదో ఆదివారం వచ్చిన నెలలో 800 ఎక్కువవుతుంది, ఆ 800 కోసం ముందు చెయ్యిపడేది ఆర్డీ డబ్బు మీదే. దీనికి మందు వారాల్ని వదిలేసి తారీఖులు పట్టుకోవడం. 1, 8, 15, 22 తారీఖుల్లో 700 చొప్పున, 29న మిగిలిన 400. అప్పుడు నెలకి ఎన్ని ఆదివారాలున్నా 3,200 దాటదు.

ఈ 700ని నగదుగా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టే రోజులు పోయాయి, రైతుబజారులో కొత్తిమీర కట్టకి కూడా స్కాన్ చేస్తున్నాం. అందుకని యూపీఐ లైట్ వాడండి, అది యూపీఐ యాప్‌లోనే ఉండే చిన్న పర్సు లాంటిది. అందులో ఒకసారికి 5,000 దాకా నింపుకోవచ్చు, ఒక్కో చెల్లింపు 1,000 దాటకూడదు. తారీఖు రాగానే 700 నింపి, కూరలకి, కోడికి అందులోంచే కట్టాలి. అయిపోతే అయిపోయినట్టే. ఆటో టాపప్ అనే మీట ఒకటి ఉంటుంది, దాన్ని ఆపేయాలి. అది నడుస్తుంటే డబ్బాకి అడుగు లేనట్టే. ఇంకో లాభం, చిల్లర చెల్లింపులు బ్యాంకు పాస్‌బుక్కులో ఒక్కొక్కటిగా పడవు, వారానికి ఒక్క 700 వరస కనిపిస్తుంది. ఖర్చు రాసుకునే నోట్సులో కూడా ఆ ఒక్క వరస చాలు. రూపాయి రూపాయీ రాయాలనుకున్నవాళ్లే మూడో వారంలో మానేస్తారు.

ఇక మనసు నిలబెట్టే విషయం. ‘పొదుపు’ అన్న మాటకి ఎవరి చెయ్యీ ఆగదు. చీరల కొట్లో గుడ్డ వేలితో నలిపి చూస్తున్నప్పుడు ఆపాలంటే వస్తువు కావాలి, తారీఖు కావాలి. పాస్‌బుక్కు అట్ట మీద స్కెచ్ పెన్నుతో రాయండి. ‘పాప ఇంటర్, జూన్’. ఆరో తరగతిలో చేరిన జూన్‌లో తెరిచిన ఖాతా, పదో తరగతి పూర్తయి ఇంటర్‌లో చేరే జూన్‌కి సరిగ్గా పండుతుంది. నెలకి 1,500 చొప్పున 1,07,049. ఐదేళ్ల గడువు దేనికి సరిపోతుందో ఆ పనికే ఆర్డీ పెట్టాలి. పదేళ్లు దాటిన పిల్లలు తమ పేరునే ఖాతా నడుపుకోవచ్చు. నెలకి వంద రూపాయల ఆర్డీ పిల్లవాడి పేరున ఉంటే, ‘నాన్నా, నా వంద కట్టావా?’ అని అడిగేవాడు ఇంట్లోనే తయారవుతాడు. ఏజెంటు కంటే గట్టిగా అడుగుతాడు కూడా.

ఏటా వచ్చే ఖర్చుని మాత్రం దీంట్లో పెట్టొద్దు. విజయనగరంలో విజయదశమి తర్వాత వచ్చే సోమవారం తొలేళ్లు, మంగళవారం సిరిమాను. రెండు రోజులూ చుట్టాలతో ఇల్లు కిటకిటలాడుతుంది. దసరా బట్టలు, ఆ వెంటనే అమ్మవారి పండగ భోజనాలు, రెండు నెలలు తిరక్కుండా సంక్రాంతి సన్నాహం. నోట్సులో ఎంత పకడ్బందీగా రాసుకున్నా అక్టోబరులో బడ్జెట్ చెదిరేది ఇందుకే. దీనికి బ్యాంకులో 12 నెలల ఆర్డీ వేరుగా పెట్టుకోవాలి, ముందు సంవత్సరం సెప్టెంబరులో మొదలుపెడితే పండగ ముందు చేతికొస్తుంది. పోస్టాఫీసు ఆర్డీనే ఏటా పండేలా చేయాలంటే ఇంకో దారి ఉంది. ప్రతి డిసెంబరులో 500కి కొత్త ఖాతా తెరవడం. ఆరో డిసెంబరు నుంచి ఏటా ఒక 35,683 సంక్రాంతికి ముందు దిగుతుంది. ఐదో ఏడాదికి నెలకి 2,500 కట్టాల్సి వస్తుందని ముందే చూసుకోవాలి.

నెలనెలా ఆదాయం రాని ఇళ్ల సంగతి వేరు, ఆర్డీ నిజంగా తెలివిగా కుదిరేది అక్కడే. ఖరీఫ్ ధాన్యం డబ్బు చేతికొచ్చినప్పుడు పన్నెండు వాయిదాలు ఒకేసారి కట్టేస్తే నెల వాయిదాలో ప్రతి వందకీ 40 రూపాయల రాయితీ ఇస్తారు. నెలకి వెయ్యి ఖాతా అయితే 12,000కి బదులు 11,600 కడితే సరి. ఆరు వాయిదాలు ముందే కడితే వందకి 10, అంటే వెయ్యి ఖాతాకి 100 తగ్గుతుంది. పూసపాటిరేగ, భోగాపురం తీరంలోనూ, అటు కళింగపట్నం, బారువ వైపూ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. ఏప్రిల్ మొదట్లోనే ఆరు వాయిదాలు కట్టేసుకుంటే సెప్టెంబరు దాకా ఖాతా కోసం బెంగ లేదు, వేట లేని రోజుల్లో జరిమానాలూ ఉండవు. రైతులకీ మత్స్యకారులకీ ఈ రాయితీ గురించి చెప్పేవాళ్లు తక్కువ.

మధ్యలో అవసరం పడితే ఖాతా మూసేయాలనే ఆలోచన మొదట వస్తుంది, అది చివరి దారిగా ఉండాలి. మూడేళ్లు నిండకుండా మూయనివ్వరు. మూడేళ్ల తర్వాత మూసినా, గడువుకి ఒక్క రోజు ముందు మూసినా, సేవింగ్స్ ఖాతా వడ్డీ 4 శాతమే లెక్కగడతారు. వెయ్యి చొప్పున మూడేళ్లు కట్టి మూసేస్తే వడ్డీ సుమారు 2,270. అదే 6.7 శాతం లెక్కన అయితే 3,949 అయ్యుండేది. దీనికి బదులు లోను తీసుకోండి. పన్నెండు వాయిదాలు కట్టి ఏడాది దాటితే, ఖాతాలో ఉన్నదాంట్లో సగం వరకు అప్పు ఇస్తారు, వడ్డీ మన ఆర్డీ రేటు మీద 2 శాతం ఎక్కువ. 6.7 ఖాతాకి 8.7. బంగారం కుదువ దుకాణంలో అడిగే వడ్డీతో పోల్చి చూసుకోండి. ఖాతా కూడా బతికే ఉంటుంది, పాప ఇంటర్ తారీఖు చెదరదు.

చీటీతో పోల్చకుండా మన జిల్లాల్లో ఈ మాట ముగియదు. క్రమశిక్షణలో చీటీ ఆర్డీ కంటే గట్టిది, పదిమంది మధ్య తప్పడం సిగ్గు. కానీ 1982 చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టరైన చీటీకీ, అపార్టుమెంటు మెట్ల దగ్గర నడిచే కాగితం లేని చీటీకీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా. రిజిస్టరు చీటీలోనూ ఫోర్‌మన్ (చీటీ నడిపేవాడు) కమీషన్ 2019 సవరణ తర్వాత 7 శాతం దాకా ఉండొచ్చు. డబ్బు తొందరగా కావలసినవాడు పాట పాడతాడు, ఓపికున్నవాడు లాభపడతాడు. బడ్జెట్ నిలబడనివాడికి ఓపిక ఉండదు, అందుకని వాడే పాడతాడు.

నగల కొట్టు స్కీముల్లో మనసు లాగే శక్తి ఎక్కువ, కళ్లెదుట హారం కనిపిస్తూ ఉంటుంది. ఈ స్కీములు పదకొండు నెలలే ఎందుకంటే, కొనుగోలు కోసం తీసుకున్న అడ్వాన్సుని 365 రోజుల్లోపు సరుకుగా ఇవ్వకపోతే అది డిపాజిట్ కిందికి వస్తుంది. సమస్య చివరి రోజున. కట్టింది యాభైవేలైతే నచ్చిన నగ డెబ్బై అవుతుంది. తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ కలిసి బడ్జెట్‌కి ఇంకో రంధ్రం పడుతుంది. పొదుపు చేయించి మరీ ఎక్కువ ఖర్చు చేయించే ఏర్పాటు అది. డ్వాక్రా సంఘం పొదుపు మాత్రం ఆర్డీకి పోటీ కాదు, తోడు. నెలవారీ సమావేశంలో నలుగురూ లెక్క అడిగే అలవాటున్న ఇల్లు ఆర్డీని కూడా తప్పదు.

తగ్గించిన రెండు మార్కుల సంగతి. ఒకటి, వాయిదాని మధ్యలో పెంచుకోలేం, తగ్గించుకోలేం. ఆదాయం మారే ఇళ్లకి ఐదేళ్లు ఒకే అంకె మీద నిలబడడం కష్టం. రెండోది, ముందే మూసేస్తే వడ్డీ 4 శాతానికి పడిపోవడం. నాలుగున్నరేళ్లు నిజాయితీగా కట్టినవాడికీ, మూడేళ్లకే మూసినవాడికీ ఒకే శిక్ష వేయడం అన్యాయం.

ఖాతా తెరవడానికి వెళ్లేటప్పుడు ఆధార్, పాన్, రెండు ఫొటోలు, మొదటి వాయిదా డబ్బు తీసుకెళ్లాలి. నెల మొదటి వారంలో, రద్దీ లేని పూట వెళ్తే పని త్వరగా అవుతుంది. ఫారంలో నామినీ గడిని చాలామంది ‘తర్వాత చూద్దాం’ అని ఖాళీగా వదిలేస్తారు, అప్పుడే నింపించండి. పాస్‌బుక్కు చేతికి రాగానే మొదటి పేజీలో ఖాతా తెరిచిన తారీఖు 15లోపు పడిందో లేదో చూసుకుని మరీ కౌంటరు దగ్గర నుంచి కదలండి.